పందిని పందిగా బతకనిస్తేనే దయ

కబేళాకు పోవలసిన పందిని తప్పించి ఇంటికి తెచ్చుకుంటే పుణ్యమేనా? పుణ్యమే. అయితే ప్రాణం కాపాడటం ఒక్క పూట పని. ఆ తరువాత పది, పదిహేనేళ్లు ఆ ప్రాణి ఎలా బతుకుతుందన్న దగ్గరే ధర్మం అసలు పరీక్ష పెడుతుంది. కెనడాలోని ఒంటారియోలో స్టీవ్ జెంకిన్స్, డెరెక్ వాల్టర్ అనే ఇద్దరు 2012లో ఒక పందిపిల్లను తెచ్చుకుని ఎస్తేర్ అని పేరు పెట్టారు. పొట్టి జాతిదని విని తెచ్చుకున్న ఆ పిల్ల మాంసం కోసం పెంచే జాతిదని తేలింది. పెరిగి పెరిగి 250 కిలోలు దాటింది. వాళ్లు దాన్ని వదిలించుకోలేదు. మాంసం తినడం మానేశారు. 2014లో ఒక పొలం కొని దానితో పాటు అక్కడికి మారారు, దిక్కులేని మరికొన్ని జంతువులకూ అక్కడే చోటిచ్చారు. 2023లో ఎస్తేర్ చనిపోయింది. తమ ఇంటికి సరిపోయేలా పందిని మార్చాలని చూడకుండా, పందికి సరిపోయేలా తమ బతుకునే మార్చుకోవడం ఈ కథలో గొప్ప విషయం.

పంది అవసరాలు మన ముచ్చటను బట్టి ఉండవు. దానికి ముట్టెతో నేల పెళ్లగించాలి, వేళ్లూ పురుగులూ వెతుక్కోవాలి. చెమటతో ఒళ్లు చల్లబరుచుకోలేదు కాబట్టి ఎండాకాలంలో బురద కావాలి. పక్కన సాటి పంది ఉండాలి. నున్నటి గచ్చు మీద కట్టేసి అడిగినప్పుడల్లా తిండి పెడితే ఒళ్లు పెరుగుతుంది, అరగని గిట్టలు వంకర్లు తిరిగి నడవనివ్వవు. అది ముద్దు చేస్తూ పెట్టే హింస. పండితుడు ఆవునూ ఏనుగునూ కుక్కనూ సమంగా చూస్తాడని గీత చెబుతుంది. సమంగా చూడటమంటే అన్నింటికీ ఒకే గడ్డి వేయడం కాదు, దేని స్వభావానికి తగ్గది దానికి దక్కనివ్వడం. ఆ వరుసలో పంది పేరు లేకపోయినా ఆ చూపు పందికీ వర్తిస్తుంది.

కోట్ల పందులు కోతకు పోతుంటే ఒక్కదాన్ని కాపాడి ఏం లాభమని అడగవచ్చు. లోకాన్నంతా ఆదుకోలేనివాడికి గుమ్మంలో ఉన్న ప్రాణి పట్ల బాధ్యత తప్పిపోదు. స్వభావమే ముఖ్యమైతే అడవిలో వదిలేయవచ్చు కదా అన్నది ఇంకొంచెం బరువైన ప్రశ్న. వేల ఏళ్లుగా మనిషి తన అవసరం కోసం మలిచిన జంతువు అది. అలా వదిలిన చోట పందులు మందలై పంటలను ఎలా ధ్వంసం చేస్తాయో అమెరికా రైతులు చూస్తూనే ఉన్నారు. కనుక కంచె వేయాలి, సంతానం పెరగకుండా శస్త్రచికిత్స చేయించాలి. ఇది స్వభావానికి అడ్డు పడటమే. కానీ సాకలేని పిల్లల్ని పుట్టించి మళ్లీ కబేళాకే పంపడం కంటే ఇది న్యాయం. ఇక పందుల పెంపకమే జీవనాధారమైన ఎరుకలవారి లాంటి కుటుంబాలను తప్పుపట్టడం ఈ వాదన ఉద్దేశం కాదు. బతుకుతెరువు కోసం పెంచడం వేరు, ప్రేమ పేరుతో తెచ్చుకోవడం వేరు. ఆ ప్రేమను నోరారా ప్రకటించుకున్నవాడి మీదే ఈ బాకీ ఉంది.

తిరుమల వెళితే ముందుగా వరాహస్వామిని దర్శించుకోవడం మన ఆచారం. పురాణాల్లో ఆ స్వామి మునిగిపోయిన భూమిని కోరలతో పైకెత్తి ఊరుకోలేదు, అది నిలిచే చోట నిలిపాడు. ఎత్తడం సగం పని, నిలపడం మిగతా సగం. కాబట్టి నేల, నీడ, తోడు, ఏళ్ల తరబడి సాకే ఓపిక లేనివారు జాలిపడి పందిపిల్లను ఇంటికి తేవద్దు. అవన్నీ ఉన్న శరణాలయానికి చేతనైన సాయం చేస్తే, వాళ్ల దయ ఆ ప్రాణికి నిజంగా అందుతుంది.