ముడుపు కట్టిన యాత్ర

మా యింట దేవుని గూటిలో ఇప్పుడు రెండు ముడుపులున్నవి. ఒకటి మా వదినగారు, పసుపునీట తడిపి యారవేసిన గుడ్డలో, ఏడుకొండలవానికి కట్టినది. రెండవది ఆ గుడ్డలో మిగిలిన ముక్కతోనే, ఆమెను చూచి నేర్చినట్లే మూడు ముడులు వేసి, ఆమె మనుమడు కట్టుకొన్నది. మొదటిది తిరుమల హుండీకి చేరును. రెండవది ఇంగ్లాండు దేశమున, లివర్‌పూల్ పట్టణమున, ఆన్‌ఫీల్డ్ అను ఫుట్‌బాల్ మైదానమునకు దారిబత్తెము కావలసియున్నది. పలమనేరు పొరుగున, మా గంగవరమున, పట్టుగూళ్లను, టమోటాలను అమ్ముకొని బ్రదుకు మా కుటుంబమునుండి సముద్రము దాటబోవు మొదటి మనిషి ఆ పిల్లవాడే. దాటుటయు చదువునకు గాదు, కొలువునకు గాదు, పదియవ యేటనుండి తాను ప్రాణముగా ప్రేమించుచున్న ఒక జట్టును ఒక్కమారు కన్నులార చూచుటకు.

“రెండూ ఒకే గూట్లో పెట్టచ్చా, మరిదీ?” అని వదినగారు నన్నడిగిరి. “ఇది కూడా యాత్రే గదా అవ్వా!” అని నేను నోరు విప్పకమునుపే వాడు బదులు చెప్పెను. ఆమె ప్రశ్నలో కోపము లేదు, వాని మాటలో పరిహాసము లేదు. ఇద్దరును తమ తమ ముడుపుల యెడ సమానమైన శ్రద్ధ గలవారే. అందుచేతనే నేనా ప్రశ్నను తేలికగా త్రోసివేయలేక కొన్ని వారములుగా మనసున మోయుచున్నాను.

యాత్ర యన్న మాటకు ధాత్వర్థము పోవుట మాత్రమే. తీర్థమన్నచో దాటుటకు వీలైన రేవు. ఉత్తి పోకడను దాటుటగా మార్చునది యేది యన్నదే ఇక్కడ విచార్యము. సముద్రయానమును పాతకములలో లెక్కించిన బౌధాయనుని సంగతి నేనెత్తను. ఆ యడ్డును మన పెద్దలు ఎన్నడో దాటిరి, దాటి మంచిపని చేసిరి. వదినగారి సందేహము అంతకంటె లోతైనది. దైవమునకు కట్టవలసిన ముడుపును ఆటకు కట్టినచో, భక్తి యను మాట విలువ తరిగిపోదా యని ఆమె భయము.

వానిని నేను మొట్టమొదట అడిగినది ఇది: “ఇంట్లోనే కనపడేదాన్ని చూడటానికి అంత దూరం ఎందుకు నాయనా?” నిజమునకు ఆ కనబడుటయే విచిత్రమైనది. ఇంగ్లాండులో శనివారమునాడు మధ్యాహ్నము 2.45 మొదలు 5.15 వరకు ఫుట్‌బాల్ ఆటలను టీవీలో ప్రత్యక్షముగా చూపరాదను కట్టుబాటు చిరకాలముగా నున్నది. జనులందరు ఇండ్లలో కూర్చుండిపోయినచో చిన్న జట్ల మైదానములు పాడువడునన్న భయమున ఏర్పడినదది. కావున శీతకాలమున అక్కడ మూడు గంటలకు మొదలగు ఆటను, మైదానమునకు రెండు వీధుల ఆవల నున్న వృద్ధుడు తన యింట చూడలేకపోగా, ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు మా పిల్లవాడు పట్టుపురుగులకు ఆకు వేసి వచ్చి, చేయి కడుగుకొని, ఫోనులో చూచుచుండును. ఇంతటి సులభదర్శనము కలిగియుండి పోవనేల? వాడు క్షణమైన ఆలోచింపక, “అవ్వ కూడా స్వామి కల్యాణం రోజూ టీవీలో చూస్తుంది గదా తాతా, మళ్లీ కొండకెందుకు పోతుంది?” అనెను.

సర్వవ్యాపి యైనవానిని ఒక కొండపై వెదకనేల యన్న వేదాంతి ప్రశ్నకు మన జాతి నోటితో గాక కాళ్లతో సమాధానము చెప్పినది. 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య, ఆ పదునైదు నెలల కాశీయాత్రను మజిలీ మజిలీకిని వ్రాసిపెట్టినాడు. ఏ యూర నీరు మంచిది, ఏ బాట రాళ్లమయము, ఎక్కడ సామానులు దొరకును అన్నవన్నియు అందులో నున్నవి. నేనా గ్రంథమును చదువునపుడెల్ల నాకు తోచునది, కాశి ఫలము కాశియందు మాత్రమే గాక ఆ లెక్కలయందును కలదని. మా వాని నోటుపుస్తకమును చూచినప్పుడును అదియే తోచినది. పాస్‌పోర్టు, వీసా కొరకు బెంగళూరు ప్రయాణము, బ్యాంకు కాగితములు, తిరిగి వత్తునన్నదానికి ఆధారములు. టీవీవారి కొరకు ఆట తేది ఒక దినము ఇటునటు మారవచ్చును గనుక ముందు రెండు దినములు, వెనుక రెండు దినములు ఎడము. ఇవన్నియు నెలల తరబడి ఒక్కొక్కటిగా చేర్చినవి. పూజకు కూర్చుండువాడు తాను ఎవడో, ఏ దేశమున ఏ కాలమున నున్నాడో, ఏ కోరికతో చేయుచున్నాడో సంకల్పమున చెప్పుకొనును గదా. వీసా దరఖాస్తు అడుగునవియు అవియే. నీవెవడవు, ఎచ్చటివాడవు, ఎందుకు వచ్చెదవు, ఎన్నాళ్లుందువు, ఎప్పుడు మరలెదవు? ఆ ప్రశ్నలకు కల్ల లేకుండ బదులు వ్రాయగలిగినవాడు అప్పటికే సగము యాత్ర చేసినవాడు.

అయినను దేహము పోవుట యెందుకన్న ప్రశ్న మిగిలియే యున్నది. దీనికి 2020వ సంవత్సరము నాకు కొంత వెలుగు నిచ్చినది. కరోనా వలన ఆ మార్చి 20 మొదలు తిరుమలలో భక్తులకు దర్శనము నిలిచిపోయి, జూన్ 8 వరకు స్వామి సేవలన్నియు ఏకాంతముగనే జరిగినవి. సుప్రభాతము తప్పలేదు, తోమాల తప్పలేదు, నైవేద్యము తప్పలేదు. మనము లేకపోవుట వలన దేవునికి లోటేమియు రాలేదు. ఆ వేసవిలోనే లివర్‌పూల్ జట్టు ముప్పది యేండ్ల నిరీక్షణ పిమ్మట దేశపు ప్రథమస్థానమును గెలిచి, జూలై 22న ఖాళీ మైదానమున కప్పు నెత్తుకొన్నది. కాని మరుసటి సంవత్సరము జరిగినది విచారింపదగినది. ఆన్‌ఫీల్డ్‌లో వరుసగా 68 లీగు ఆటలు ఓటమి యెరుగని ఆ జట్టు, శూన్యమైన ఆ మైదానముననే, 2021 తొలినెలలలో వరుసగా ఆరు ఓడినది. అట్టిది దాని చరిత్రలో మునుపెన్నడు లేదు. ఆటగాండ్ర గాయములు మొదలైన కారణములు లేకపోలేదు. అయినను, భక్తుడు లేకున్నను దైవము పూర్ణమే గాని, ప్రేక్షకుడు లేని జట్టు పూర్ణము కాదని నేను దృఢముగా నమ్ముచున్నాను. దుర్వాసుడు అంబరీషుని బాధించి శరణు వేడినప్పుడు, తాను భక్తులకు అధీనుడనని విష్ణువు చెప్పినట్లు భాగవతము వర్ణించినది గదా. దైవమునందు అది స్వేచ్ఛగా వహించిన అధీనత, జట్టునందు అది ఉన్న యథార్థము. మా వాడు అక్కడికి పోవుట పుచ్చుకొనుటకు మాత్రమే గాదు, తన గొంతును ఇచ్చుటకు కూడ. ఇచ్చుట యున్నచోట ముడుపునకు చోటున్నది.

ఇక మా సీమవాడే యైన ఒక మహాశయుని ఆక్షేపణను దాటిపోరాదు. 1895లో మదనపల్లెలో పుట్టి, జగద్గురువని దివ్యజ్ఞానసమాజమువారు ప్రకటింపగా, 1929 ఆగస్టు 3న హాలెండు దేశమున ఓమెన్‌లో తన కొరకే స్థాపింపబడిన నక్షత్రసంఘమును వేలమంది యెదుట రద్దుచేసిన జిడ్డు కృష్ణమూర్తి, ఏ గుంపుతోనైనను తాదాత్మ్యము చెందుట మనస్సును ముక్కలు చేయుననియు, నీది నాది యన్న విభజనయే హింసకు విత్తనమనియు జీవితాంతము చెప్పెను. ఎర్రచొక్కా తొడిగికొని, “మేము గెలిచినాము” అని గంగవరమున ఎగురు పిల్లవానిని చూచినచో ఆయన యేమని ప్రశ్నించియుండును? ఆ “మేము” ఎవరు? బంతిని తన్నినవాడు నీవు గావు. జట్టు యజమానులు నీ యెరుక లేనివారు. ఆ విజయము నీదెట్లయినది? ఈ ప్రశ్నలలోని సత్యమును నేను కాదనజాలను. అభిమానము ద్వేషముగా ముదురుట మనము కన్నులార చూచినదే. సినిమా నటుల బొమ్మల కొరకు మన యూళ్లలోనే తలలు పగిలినవి.

అయితే కృష్ణమూర్తి మార్గము వైరాగ్యవంతులకు. తక్కినవారికి మా జిల్లా పొరుగుననే శ్రీకాళహస్తి కలదు. సాలెపురుగు గూడల్లినది, పాము మణులు పెట్టినది, ఏనుగు తొండముతో నీరు పోసి బిల్వదళములుంచినది. పాము మణులు ఏనుగునకు అపచారముగా తోచెను, ఏనుగు నీళ్లు పామునకు అపచారముగా తోచెను, ఒకదానినొకటి చంపుకొన్నవి. ధూర్జటి చెప్పిన ఆ కథలో నన్ను కదలించునది వాటికి ముక్తి కలుగుట గాదు. రెండును ఒకే లింగమును కొలుచుచు, ఆ సంగతి యెరుగక చచ్చుట. లివర్‌పూల్ జట్టు పుట్టుకయు ఇట్టిదే. 1878లో సెంట్ డొమింగో అను మెథడిస్టు ప్రార్థనామందిరపు పిల్లల కొరకు పుట్టిన జట్టు ఎవర్టన్‌గా పెరిగి, ఆన్‌ఫీల్డ్‌లోనే ఆడుచుండి, స్థలపు అద్దె తగవుతో 1892లో వెడలిపోగా, మిగిలిన మైదానమునకు లివర్‌పూల్ జట్టు కలిగినది. ఒకే గర్భగుడినుండి పుట్టిన రెండు భక్తిశాఖలవి. ఒక యింట అన్నదొకటి, తమ్మునిదొకటి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానమున తొక్కిసలాటలో నలిగి లివర్‌పూల్ అభిమానులు, ఆ గాయములతో పిమ్మట పోయినవారితో కలిపి 97 మంది, బలియైనప్పుడు, ఆ రెండు జట్లవారును తమ మెడగుడ్డలను ఒకదానికొకటి ముడివేసి, నాటి తమ మైదానముల నడుమనున్న స్టాన్లీ పార్కు మీదుగా, ఒక మైదానమునుండి రెండవదాని వరకు తోరణముగా కట్టిరి. తప్పు అభిమానులదే యన్న నింద తొలగి, వారు అన్యాయముగా చంపబడిరని జూరీ చెప్పుటకు 2016 వరకు, ఇరువదియేడు సంవత్సరములు, ఆ కుటుంబములు పోరాడవలసివచ్చెను. మృతుల పేర్లు చెక్కిన స్మారకము ఆన్‌ఫీల్డ్ మైదానము వెలుపలనే యున్నది. మా వాడు తన పుస్తకమున టిక్కెట్టు కంటె ముందు దానిని వ్రాసికొన్నాడు. ఆ పుట చూచిన దినముననే వాని ప్రయాణమును యాత్ర యనుటకు నాకు సంకోచము పోయెను.

వదినగారి పక్షమున చెప్పవలసినది ఒకటి మిగిలినది, అది చిన్నది గాదు. ఏడుకొండలపై డబ్బు లేనివానికి సర్వదర్శనము కలదు; ఎన్.టి. రామారావుగారు 1985లో ఆరంభించిన అన్నదానమున వాని ఆకలియు తీరును. ఆన్‌ఫీల్డ్‌లో సర్వదర్శనము లేదు. సభ్యత్వము కొని, చీట్లు వేసి తీయు వరుసలో పేరు వచ్చువరకు వేచియుండవలెను. అధికారము లేనివాడు ఫుట్‌బాల్ టిక్కెట్టును మారుబేరము చేయుట ఆ దేశమున 1994 చట్టము ప్రకారము నేరము గనుక, దళారుల మాట వినరాదు. పేదవానికి వాకిలి మూసిన గుడి పూర్ణముగా గుడి కాదు. ఈ విషయమున నా తీర్పు వదినగారికే అనుకూలము: రెండు ముడుపులు ఒకే గూటిలో ఉండవచ్చును గాని, అవి సమానములు గావు.

ఆ కొరతను అక్కడి జనులే కొంత తీర్చుచున్నారు. 2015లో ఆ రెండు వైరిజట్ల అభిమానులును చేరి, ఆట దినములలో మైదానముల వెలుపల, ఆకలిగొన్నవారి కొరకు తినుబండారములు సేకరించుట ఆరంభించిరి. ఎర్రచొక్కావాడు తెచ్చిన డబ్బాయు, నీలిచొక్కావాడు తెచ్చిన డబ్బాయు ఒక్కచోటనే పడును. కావున నాయనా, స్మారకము నొద్ద తలవంచిన పిమ్మట, లోనికి పోకమునుపు అక్కడికి పొమ్ము; నీ జట్టు ఆ దినము గెలిచినను ఓడినను, ఈ గూటిలోని ముడుపులో కొంత భాగము అక్కడ చెల్లించి రమ్ము.