రాయి మారలేదు, లెక్క మారినది



2025 ఫిబ్రవరిలో మన వేమగల్ కూడికలో ఒక సహోదరి కన్నీళ్లతో అడిగినది: "మాస్టారూ, 2032 డిసెంబరు 22న ఆకాశంలోనుంచి రాయి పడుతుందంట. ఇంక బిడ్డ చదువుకి చీటీ కట్టేది దేనికి?"

ఆమె భయము ఊరకనే పుట్టలేదు. సుమారు 60 మీటర్ల ఆ గ్రహశకలమును 2024 డిసెంబరు 27న చిలీ దేశములోని దూరదర్శిని కనిపెట్టినది. ఇట్టి అపాయములను శాస్త్రజ్ఞులు 0 నుండి 10 వరకు గల టొరీనో కొలమానముతో కొలుతురు. ఇది 3వ మెట్టుకు ఎక్కినది. ఢీకొను అవకాశము ఒక దశలో నూటికి 3.1 పాళ్లు. అది పడగల దారిలో దక్షిణ ఆసియా కూడ ఉండెను. మరికొన్ని రాత్రులు చూచి లెక్క కట్టగా, అదే నెలలో 0కు దిగినది. రాయి దారి మారలేదు. మన ఎరుక పెరిగినది.

కాబట్టి సగము తెలిసి అంత్యదినమును చాటువారిని నమ్మకుడి. ఆ దినము తండ్రికే తెలియునని ప్రభువు బోధించెను. మెలకువగా నుండుమనెను గాని పని మానుమనలేదు. కోలారు బంగారు గనులలో బండ ఎప్పుడు పగులునో ఎరుగని మన పెద్దలు ప్రార్థించి దిగిరి. దిగిన తరువాత దుంగల ఊతములను తట్టి చూచుకొనిరి.

అమ్మా, చీటీ కట్టు. బిడ్డను చదివించు. ఆమేన్.