చల్లగానే ఉందండీ

మా కారు అమ్మకానికి పెట్టామని తెలిసిన దగ్గర్నించీ చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "ఏసీ బాగా పనిచేస్తుందాండీ?" అని. బెజవాడలో, అందులోనూ మే నెలలో, ఇంజను ఎలా ఉందని ఎవరడుగుతారు చెప్పండి!

"చల్లగానే ఉందండీ" అనేవారు మావారు. ఆ మాటలో అబద్ధం వీసమెత్తయినా లేదు. గ్యాసు నింపించి అప్పటికి నాలుగు రోజులే అయింది మరి.

అసలు కథ అంతకు రెండేళ్ల ముందు మొదలైంది. ఎండలు ముదిరేసరికి ఏసీ గాలి వెచ్చబడేది. తీసుకెళితే షాపతను "గ్యాస్ అయిపోయిందండీ" అని నింపి పంపేవాడు. పెట్రోలు అయిపోతుంది, వంటగ్యాసు అయిపోతుంది, ఇదీ అలాగే కాబోలనుకున్నాం. మూడుసార్లు నింపించాం. నాలుగోసారి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళితే ఆయన నవ్వి, "అయిపోవడానికి అదేమన్నా మండుతుందామ్మా? మీ ఇంట్లో ఫ్రిజ్‌కి ఎన్నిసార్లు గ్యాస్ కొట్టించారు?" అని అడిగాడు.

పదిహేనేళ్లుగా ఒక్కసారి కూడా కొట్టించలేదు! ఆ మాత్రం ఆలోచన నాకెందుకు రాలేదో. ఉన్న గ్యాసే ఆవిరవుతూ, మళ్లీ ద్రవమవుతూ లోపల్లోపలే తిరుగుతుందట. తగ్గిందంటే ఎక్కడో కారిపోతోందనే అర్థం. ఫ్రిజ్ ఒక మూల కదలకుండా ఉంటుంది, దాని గొట్టాలు అతికేసి ఉంటాయి. కారుకలా కాదు. రబ్బరు గొట్టాలు, జాయింట్ల మధ్య రబ్బరు రింగులు, వాటికి తోడు ఇంజను అదురు, మన రోడ్ల గతుకులు!

ఇక వెతుకులాట. ముందు సబ్బునురగ. సిలిండరు మార్చినప్పుడు మనం రెగ్యులేటరు దగ్గర రాసి చూస్తామే, అచ్చం అలాగే. బుడగ రాలేదు. గ్యాసుతో పాటు కంప్రెసరు నూనె కూడా కాస్త బయటికొస్తుంది కనుక దుమ్ము పట్టిన జిడ్డుమరక ఎక్కడుందోనని చూశాడు. లేదు. రాళ్లు తగిలే చోటు కదా అని ముందువైపు కండెన్సరు చూశాడు. అదీ బాగానే ఉంది. చివరికి గ్యాసుతో పాటు ఏదో రంగు ఎక్కించి, వారం తిరిగి రమ్మన్నాడు.

వారం తర్వాత పసుపురంగు కళ్లద్దాలు తను పెట్టుకుని, నాకూ ఓ జత ఇచ్చాడు. (ఆ అవతారం మా పిల్లలు చూడలేదు, నయం!) అల్ట్రావయొలెట్ టార్చి కారు కిందికి తిప్పాడు. ఏసీ నీళ్లు బొట్లుబొట్లుగా కారే గొట్టం చివర పచ్చగా మెరిసింది. అంటే కారుతున్నది డాష్‌బోర్డు వెనకాల ఉండే ఎవాపరేటరు. అది మార్చాలంటే డాష్‌బోర్డంతా విప్పాలి. 12 వేలు అన్నాడు.

"ఎలాగూ అమ్మేస్తున్నాంగా. గ్యాస్ కొట్టించేస్తే సరి" అన్నారు మావారు. సరే అన్నాను. నేనూ అన్నాను, ఆ మాట దాచడమెందుకు?

తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. బ్యాంకులో కొత్తగా ఉద్యోగం, సొంత డబ్బుతో మొదటి కారు. ఏసీ గాలికి అరచెయ్యి అడ్డుపెట్టి, "అబ్బ, ఎంత చల్లగా ఉందో!" అని నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ధర్మరాజు గుర్తొచ్చాడు. ఇలాంటప్పుడు మనకి ఆయనే కదా దిక్కు! ఆయన పలికిన అక్షరం ప్రతిదీ నిజమే. చచ్చింది ఏనుగేనన్న మాట మాత్రం ద్రోణుడికి వినపడలేదు. భూమికి నాలుగంగుళాల పైన నడిచే ఆయన రథం అప్పుడే నేలకి దిగిందంటారు. మా రథం నేలమీదే నడిచే రకం, దిగడానికేం మిగల్లేదు. అయినా మనసు ఊరుకోలేదు.

చెప్పేశాను. ఎక్కడ కారుతోందో, ఎంతవుతుందో, అంతా. ధర మీద 12 వేలు తగ్గించుకోమనీ అన్నాను. లోపల్లోపల నన్ను నేను మెచ్చుకుంటూనే ఉన్నాననుకోండి.

ఆ పిల్ల కాసేపాగి, "తెలిసి కూడా మీరే బాగుచేయించలేదేమండీ?" అంది. దెప్పి పొడవడానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది.

ఏం చెప్పను? ఆ రాత్రి కూర్చుని ఈ గ్యాసు సంగతంతా చదివాను. పాత కార్లలో వాడిన గ్యాసు ఓజోన్ పొరని తినేస్తోందని 1987లో మాంట్రియల్‌లో కొన్ని దేశాలు ఒప్పందానికొచ్చాయి. దాని బదులు వచ్చినదే మా కారులోది, ఆర్-134ఎ. ఇది ఓజోన్ జోలికి పోదు గానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకి 1,300 రెట్లకి పైమాటే. అందుకే 2016లో కిగాలీలో దీన్నీ తగ్గించుకోవాలనుకున్నారు. లెక్క కట్టాను. ఒక్క అర కిలో గాలిలో కలిస్తే సుమారు 280 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. మేం మూడుసార్లు నింపించాం! కారు చల్లబరచుకోవడానికని ఊరంతటికీ వేడి పంచిపెట్టామన్నమాట. కొనేవాళ్లకి చెప్పి ధర తగ్గించొచ్చు. ఆకాశానికి ఎవరు తగ్గిస్తారు?

మర్నాడు నేనే ఆటోనగర్ తీసుకెళ్లాను. విప్పేముందు లోపలి గ్యాసుని గాలికొదిలేస్తారా అని అడిగితే, "సిలిండర్‌లోకి లాగే మిషనుందమ్మా. ఎవరూ అడగరు, అడిగితే పెడతాం" అన్నాడు పెద్దాయన. పెట్టమన్నాను.

డాష్‌బోర్డు విప్పి పక్కన పెట్టారు. ఆ అమ్మాయి శనివారం వచ్చి చూస్తానంది, కొంటుందో లేదో తెలియదు. మావారు మాత్రం నాతో ఇంకా మాట్లాడటం లేదు, కాఫీ అడగడానికి తప్ప.