బుజ్జిగాడి పొట్ట జాగ్రత్త

అమ్మాయీ,

నీకు పురుడొచ్చి పట్టుమని వారం కాలేదు, వచ్చినవాళ్లంతా తలో సలహా చెబుతూనే ఉంటారు. పెద్దమ్మ మాట కూడా ఒకటి విను. బుజ్జిగాడి నోట్లో ఏం పడుతోందో కాస్త కనిపెట్టుకుని ఉండు.

చిక్కగా, పచ్చగా ఉండే ముర్రుపాలను వెనకటికి చాలా ఇళ్లలో చెడ్డపాలని పిండి పారబోసేవారు. బిడ్డను కాపాడే ఐజీఏ ప్రతిరక్షకాలు దండిగా ఉండేది వాటిలోనే. నువ్వు పట్టించావు, చాలా మంచి పని చేశావు.

ఇంకో సంగతి చూడు. తల్లిపాలలో బిడ్డకు అసలు అరగని చక్కెరలు వందకు పైగా రకాలున్నాయి. అవి వాడి పేగుల్లో చేరే బైఫిడో బ్యాక్టీరియాకు మేత. అది తిని ఈ మంచి క్రిములు ఆమ్లాలు తయారుచేస్తాయి. ఆ పులుపులో రోగాలు తెచ్చే క్రిములు చాలావరకు నిలదొక్కుకోలేవు. ఎవరి మీద తిరగబడాలో, ఎవరిని సహించాలో పేగు గోడల్లోని రక్షణ కణాలు నేర్చుకునేదీ వీటి సావాసంతోనే. ఏ క్రిమీ సోకకుండా పెంచిన ఎలుకల్లో ఆ రక్షణ వ్యవస్థ సరిగా ఎదగనే లేదు.

ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేలమంది పసికందుల మీద చేసిన పరిశోధన ఒకటి 2017లో వెలువడింది. తల్లిపాలు తాగే బిడ్డలకు వారంపాటు మంచి బ్యాక్టీరియాను, దానికి మేతనూ కలిపి పట్టారు. రెండు నెలల్లోపు రక్తానికి ఇన్ఫెక్షన్ సోకి విషమించడం, చనిపోవడం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. అలాగని మందుల షాపుకెళ్లి ఏవో చుక్కలు కొనకు. అది డాక్టర్లు దగ్గరుండి చేసిన పని.

ఆపరేషన్ అయిందని దిగులుపడకు. అలా పుట్టిన పిల్లలకు నీ ఒంటి క్రిములు అందడం మొదట్లో కొంత ఆలస్యమవుతుంది, అంతే. వాడిని ఒంటికి హత్తుకుని పడుకో, అడిగినప్పుడల్లా పాలివ్వు.

ఆరు నెలలు నిండేదాకా నీ పాలు, డాక్టరుగారు రాసినవి తప్ప మంచినీళ్లు కూడా వద్దు. ఏడాది లోపు తేనె అసలే వద్దు, అందులో ప్రమాదకరమైన క్రిమి ఉండొచ్చు. మీ అత్తగారు నాకిద్దామంటే ఎదురు చెప్పకు, పెద్దమ్మ ఒప్పుకోదని నా మీద పెట్టు. జలుబు చేసిందని మీ ఆయన్ని యాంటీబయాటిక్ సీసా కోసం పరుగెత్తించకు. జలుబు వైరస్‌ను అది ఏమీ చేయదు, మంచి క్రిములను మాత్రం చంపుతుంది. నిజంగా అవసరమై డాక్టరుగారే రాస్తే మాత్రం ఒక్క పూట కూడా మానకుండా వెయ్యి.

నువ్వు వేళకు తిను తల్లీ. నువ్వు కులాసాగా ఉంటేనే వాడికి పాలు.