నీది ఏ ఊరు?

క్రొత్తగా విశ్వవిద్యాలయమున చేరిన విద్యార్థికి పాఠములకంటె ముందుగా ఎదురగు పరీక్ష యొకటి కలదు. దానికి ప్రశ్నపత్రము లేదు. మార్కులు వేయువారును లేరు. ముక్కు మొగము తెలియని అరువదిమంది యెదుట లేచి నిలువబడి తన పేరు, తన ఊరు, తాను చదివిన బడి, తండ్రి చేయు పని, తనకు వచ్చిన ర్యాంకు చెప్పవలెను. పట్టణమున పెరిగిన పిల్లవానికి ఇది నిమిషములో ముగియు మాట. మన పల్లెలనుండి వెళ్లు బిడ్డకు ఈ అయిదింటిలో ప్రతిదియు ఒక బరువే. వీనిలో ఏది చెప్పవలెను, ఏది చెప్పకుండవచ్చును, చెప్పకుండుట అబద్ధమగునా అను ప్రశ్న చిన్నదిగా కనబడును గాని చిన్నది కాదు.

మొదట ఈ పరిచయ శిబిరములనుగూర్చి న్యాయముగా మాటలాడవలెను. ఒకప్పుడు క్రొత్తవారిని కలుపుకొను పని చాలచోట్ల సీనియర్ల చేతికే విడువబడెను. దాని ఫలితమేమో అందరికిని తెలిసినదే. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లో ర్యాగింగును నిషేధించుచు చట్టము చేసెను. 2009లో యు.జి.సి. దేశమంతటికిని నిబంధనలు చేసి, విద్యార్థియు తలిదండ్రులును ప్రమాణపత్రముపై సంతకము చేయవలెనని విధించెను. తరువాత 2017లో ఏ.ఐ.సి.టి.ఇ. ఇంజనీరింగు విద్యార్థులకు మొదటి మూడు వారముల ప్రవేశ కార్యక్రమమును తప్పనిసరి చేసెను, 2019లో యు.జి.సి. దీక్షారంభ్ అను పేరుతో అన్ని విశ్వవిద్యాలయములకును మార్గదర్శక పుస్తకమును పంపెను. గాంధీనగర్ ఐ.ఐ.టి.లో ఇట్టి కార్యక్రమము 2011 నుండియే కలదు. ఉదయము వ్యాయామము, సంగీతమో చిత్రలేఖనమో, పెద్దల ఉపన్యాసములు, చుట్టుపట్ల స్థలములు చూచుట, ఇరువదిమందికి మించని గుంపుగా ఒక ఉపాధ్యాయునితో కూర్చుండి జీవిత విలువలనుగూర్చి సంభాషించుట, ఇట్టివి అందులో ఉండును. మూడు వారములు ఆటపాటలతో పాడుచేసిరని గొణుగు పెద్దలను నేనెరుగుదును. అయితే ఇల్లు విడిచి మొదటిసారి హాస్టలు గదిలో పండుకొన్న పిల్లవానికి ఒక తోడు దొరకుట పాఠము కాదని ఎవరనగలరు?

చిక్కంతయు ఆ నిలువబడి చెప్పు నిమిషములోనే యున్నది. మా సంఘములోని ఒక తల్లి నన్నడిగిన మాట వ్రాసెదను. ఆమె కుమారుడు ఇంజనీరింగులో చేరి, సెలవులకు వచ్చి, స్నేహితునితో ఫోనులో మాటలాడుచుండగా ఆమె చెవిని బడినది. "అయ్యగారూ, మావాడు మాది గుంటూరని చెప్పుకున్నాడంట. పోనీ, దగ్గరే గదా. వాళ్ల నాయన యాపారం చేస్తాడని కూడా చెప్పాడంట. ఈయనేమో మిరపకోతలకి కూలికి పోతన్నాడు. ఇది పాపమే గదండీ?" ప్రక్కనే యున్న తండ్రి, "ఊరుకోవే. వాడట్టా చెప్పుకుంటే నాకేం తరిగిపోయింది? నలుగురిలో తలెత్తుకుని తిరిగితే చాలు" అనెను.

ఆ తండ్రి మాట ప్రేమగల మాటయే. అయినను దానితో ప్రశ్న తీరలేదు.

మౌనము వేరు, అబద్ధము వేరు. అగస్టీను అబద్ధమునుగూర్చి రెండు గ్రంథములు వ్రాసి, ఎంత మేలు కొరకైనను అబద్ధమాడరాదని తీర్పుచెప్పిన కఠినుడు. అట్టివాడు సైతము సత్యమును మౌనముచేత మరుగుపరచుట అబద్ధము కాదని యొప్పుకొనెను. ఎస్తేరు షూషను కోటలో ప్రవేశించినప్పుడు మొర్దెకై చెప్పిన ప్రకారము తన జనమునుగాని తన వంశమునుగాని తెలియజేయలేదు. గ్రంథము ఆమెను అందుకై నిందింపలేదు. తరువాత హామాను చేసిన పన్నాగము చూచినయెడల, ఆ జాగ్రత్త వ్యర్థమైనది కాదని తెలియును. చెప్పవలసిన గడియ వచ్చినప్పుడు ప్రాణమునకు తెగించి చెప్పెను. కనుక అడిగిన ప్రతివానికిని అడిగినదెల్ల చెప్పవలెనన్న బాధ్యత మనకు లేదు. గుంటూరు దగ్గరి పల్లెవాడు గుంటూరన్నందుకు వానిని నేను తప్పుపట్టను.

ప్రధానయాజకుని ముంగిట చలిమంటయొద్ద జరిగినది వేరు. అక్కడ పేతురును అతని పలుకే పట్టియిచ్చెను; గలిలయ యాస దాగలేదు. మన బిడ్డల యాసయు అట్లే దాగదు. యొర్దాను రేవులయొద్ద షిబ్బోలెతు అను ఒక్క మాట సరిగా పలుకలేక ఎఫ్రాయిమీయులు పట్టుబడి హతులైరనియు, ఆ కాలమున 42,000 మంది కూలిరనియు న్యాయాధిపతుల గ్రంథము చెప్పుచున్నది. నాలుకనుబట్టి మనుష్యుని తూచుట ఎంత పాత దుర్మార్గమో చూడుడి! పేతురు భయము నిజమైన భయము. వెచ్చని గదిలో కూర్చుండి అతనిని నిందించుట నాకు ఇష్టము లేదు. అయినను అతడు దాచినది ఒక సమాచారము కాదు. లోపల తీర్పునకు నిలువబడియున్న ఒక మనుష్యుని ఎరుగననెను. ఎస్తేరు మౌనమునకును దీనికిని మధ్య గీత అక్కడనే యున్నది.

తండ్రి వ్యాపారి అన్న మాట ఈ గీతకు ఏ ప్రక్కన నున్నది? ఆ గదిలో లేనివాని శ్రమనుగూర్చి, ఎండలో వంగిన వాని నడుమునుగూర్చి, అది లేదని సాక్ష్యమిచ్చుట కాదా? తండ్రి క్షమించెను, మంచిదే. అయితే నష్టపోయినవాడు తండ్రి ఒక్కడే కాడు. ఆ అరువదిమందిలో కూలి బిడ్డలు ఇంకెందరుండిరో! మొదటివాడు వ్యాపారమనెను, అది విని రెండవవాడు కాంట్రాక్టరనెను, మూడవవాడు ఈ గదిలో తానొక్కడే పేదవాడననుకొని తలవంచుకొనెను. ముగ్గురును ఒక్కచోటనే కూర్చుండి, ఒకరినొకరు ఎరుగక, నాలుగు సంవత్సరములు ఒంటరులై గడపవచ్చును. అవమానమునకు జడిసి ఆడిన అబద్ధము ఆ అవమానమునే ప్రక్కవానికి అప్పగించును. దీనిని మనము పిల్లలకు చెప్పుటలేదు. అబద్ధమాడకు అని మాత్రము చెప్పి ఊరకుందుము.

ఊరి గురుతులన్నియు పట్టుకొని వ్రేలాడవలెనని నేననుట లేదు. బబులోనులో మూడు సంవత్సరముల విద్యకు ఏర్పరచబడిన దానియేలు తన పేరు బెల్తెషాజరుగా మార్చబడినప్పుడు పోట్లాడినట్లు లేదు. క్రొత్త భాషను, క్రొత్త శాస్త్రమును బాగుగా నేర్చుకొనెను. భోజనపు బల్లయొద్ద మాత్రము నిలిచెను. అదియు రగడచేసి కాదు, పది దినములు పరీక్షించి చూడుమని మర్యాదగా అడిగి. అతనితో ఇంకను ముగ్గురు స్నేహితులుండిరి, ఇది మరువరాదు. ఇంగ్లీషు పలుకుట, చెంచాతో తినుట, జుట్టు క్రొత్తరీతిగా దువ్వుకొనుట బెల్తెషాజరు వంటివి. వానిని చూచి తల్లులు కలతచెందనక్కరలేదు.

మన బిడ్డలకు మరియొక ముడి కూడ కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణలు హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే షెడ్యూల్డు కులపు గుర్తింపు నిచ్చుచున్నవి. క్రైస్తవుడైనవాడు ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-సి అగును. అందుచేత సంఘపు రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికేటులో మరియొక పేరు గల పిల్లలున్నారని మనకు తెలియును. నీ మతమేది అని నలుగురిలో అడిగినప్పుడు వాని నోరు ఎందుకు ఎండిపోవునో అడిగినవానికి తెలియదు. ఈ ముడి వేసినది ఆ పదునెనిమిదేండ్లవాడు కాదు. దీనిని వేరుగా వ్రాయవలెను.

ఆ తల్లితో నేను, వానిని గద్దింపవద్దు, వచ్చే ఫీజు కట్టుటకు తండ్రిని వెంట పంపుము అంటిని. "నేనెందుకయ్యా, ఈ బట్టల్తో" అని తండ్రి అనెను. అది ఇంకను తేలలేదు.

ఇంతసేపును చెప్పువానినే తూచితిమి గాని అడుగువానిని తూచలేదు. నా మట్టుకు పెద్ద తప్పు అక్కడనే యున్నది. ర్యాంకు ఎంత అని అడుగుట చాలమారులు కులమేది అని అడుగుటయే. ఆ అంకెనుబట్టి రిజర్వేషనులో వచ్చెనా లేదా అని లెక్కకట్టుదురు. అందుకే 2023లో బొంబాయి ఐ.ఐ.టి. తన విద్యార్థులు ఒకరినొకరు ప్రవేశపరీక్ష ర్యాంకు అడుగరాదని సూచించెను. 2016లోనే యు.జి.సి. తన నిబంధనలను సవరించి, కులము, మతము, భాష, పుట్టిన స్థలము, నివాసము, ఆర్థికస్థితి ఆధారముగా పీడించుటయు ర్యాగింగేయని చేర్చెను. చట్టము ప్రశ్నను ఆపగలదు. జవాబు విని పెదవి విరుచుటను ఆపలేదు. అది ప్రక్కన కూర్చున్న తోటి విద్యార్థి చేతిలోనున్నది. నిరుడు మన సంఘములనుండి వెళ్లినవారు ఈ యేడు రెండవ సంవత్సరమువారై, క్రొత్తవారికి గదులు చూపుచు, పేర్లు వ్రాసికొనుచు ఆ శిబిరములలోనే తిరుగుచుందురు. నీది ఏ ఊరు, నీ ర్యాంకెంత అనుటకు ముందు, అన్నము తిన్నావా, ప్రయాణము ఎట్లు జరిగినది అని వారు అడుగవచ్చును గదా.