మాటకు ఓటు ఋణపడునా?

ఎన్నికల కాలమున ఒక అభ్యర్థి మన వాకిట నిలిచి మన భాషలో పలుకరించినప్పుడు మనస్సు కరుగుట సహజము. పరభాషా రాష్ట్రమున తరతరములుగా స్థిరపడిన కుటుంబములకు ఆ పలుకరింపు మరింత తీయగా నుండును. కచేరీలో వినబడని మాట, బడిలో పిల్లలు మరచిపోవుచున్న మాట, ఆ నాలుగు దినములును తనంత తాను గుమ్మము కడకు నడచి వచ్చును. అట్లు వచ్చిన మాటకు మనము ఓటు రూపమున ఋణపడుదుమా? ప్రశ్న చిన్నదిగా తోచును గాని, అల్పసంఖ్యాకులైన భాషాజనుల రాజకీయ ధర్మము చాలవరకు దీనిలోనే ఇమిడియున్నది. దీనిని విచారించుటకు సిరొంచ సీమ మిక్కిలి అనువైన తావు.

ప్రాణహిత గోదావరిలో కలియు చోట, కాళేశ్వర క్షేత్రమునకు ఎదుటి గట్టున సిరొంచ కలదు. 1860లో నిజాము ప్రభుత్వము గోదావరి ఎడమగట్టు భూములను ఆంగ్లేయులకు వదలివేసిన పిమ్మట, సిరొంచ ముఖ్యపట్టణముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడినది. 1874లో ఆ జిల్లా రద్దు కాగా సిరొంచ చాందా జిల్లాలో చేరినది. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1న మహారాష్ట్రమునకును సంక్రమించినది. 1982లో చంద్రపూర్ నుండి విడివడిన గడ్చిరోలి జిల్లాలో ఒక తాలూకా అయినది. ఇన్ని మార్పుల నడుమ అక్కడి తెలుగు కుటుంబములు పెక్కు తమ పొలముల కడనే నిలిచియున్నవి. ఏలికలు మారిరి, సరిహద్దులు జరిగినవి, ఇంటి మాట మాత్రము మారలేదు.

ఒకప్పుడు శాసనసభా నియోజకవర్గము సిరొంచ పేరిటనే యుండెడిది. 2009 ఎన్నికల నుండి అది అహేరి నియోజకవర్గముగా వ్యవహరింపబడుచున్నది. అహేరి, ముల్చేరా, ఎటపల్లి, భామ్రాగఢ్, సిరొంచ తాలూకాలు దానిలో నున్నవి. మరాఠీ, తెలుగు, గోండీ, మాడియా, బెంగాలీ మాటలన్నియు అచ్చట వినవచ్చును. ఈ స్థానము షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది. కావున ఆ తెగలకు చెందని తెలుగువారు అచ్చట ఓటు వేయగలరు గాని పోటీ చేయజాలరు. ఇది వారికి జరిగిన అన్యాయము కాదు. చిరకాలము అడవులలో అలక్ష్యమునకు గురియైన జనులకు రాజ్యాంగము కల్పించిన న్యాయము. అయితే దీనివలన తెలుగు ఓటరు ముందున్న ప్రశ్నయే మారిపోవుచున్నది. "మనవాడు నిలిచెనా?" యని అడుగుటకు అతనికి వీలు తక్కువ. "నిలిచినవారిలో అందరివాడెవడు?" అనియే అడుగవలసియున్నది.

అభ్యర్థి భాషతో ఓటరు కడకు మూడు విధములుగా రావచ్చును. భాషలో అడుగవచ్చును, భాషకొరకు అడుగవచ్చును, భాష పేరిట అడుగవచ్చును. ఈ మూడింటిని కలగాపులగము చేయుటవలననే చిక్కులు పుట్టుచున్నవి.

మొదటిది భాషలో అడుగుట. ఇది మర్యాద మాత్రమే కాదు, అభ్యర్థి విధి. మరాఠీ రాని ముదుసలికి మరాఠీలో చేసిన వాగ్దానము చేయనట్టిదే. తనకు తెలియని మాటను ఆమె ఎట్లు తూచగలదు? నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. తెలుగులో పలుకరించినవానికి మనము పీట వేయవలెను, మంచినీరు ఇయ్యవలెను, చెప్పినదానిని ఓపికతో వినవలెను. మర్యాదకు ప్రతిఫలము మర్యాదయే. అంతకు మించి ఋణమేమియు లేదు.

రెండవది భాషకొరకు అడుగుట. అల్పసంఖ్యాక భాషాజనుల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో గరపుటకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని రాజ్యాంగమున 350ఎ అధికరణము చెప్పుచున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేరినది. భాషాల్పసంఖ్యాకుల రక్షణలను పరిశీలించు ప్రత్యేకాధికారిని గూర్చిన 350బి అధికరణమును దానితోనే వచ్చినది. కాబట్టి "తెలుగు బడికి ఉపాధ్యాయుని తెప్పింతును" అని అభ్యర్థి చెప్పుటలో దోషము లేదు. అప్పటి పంజాబు రాష్ట్రములోని ఝజ్జర్ లోక్‌సభ ఎన్నికను గూర్చిన వ్యాజ్యములో, భాషను కాపాడుకొనుటకై చేయు రాజకీయాందోళనము అవినీతి చర్య కాదని సుప్రీముకోర్టు 1964లోనే తీర్పు చెప్పినది. అయినను విను వారు జాగరూకులై యుండవలెను. ఏ ఊరి బడి? ఎందరు ఉపాధ్యాయులు? పుస్తకములు ఎవరు ఇత్తురు? ఈ ప్రశ్నలకు నిలువని వాగ్దానము భాషాసేవ కాజాలదు.

మూడవది భాష పేరిట అడుగుట. "నేనును తెలుగు మాటలాడుదును, కావున నాకే వేయుడు" అనుట ఈ కోవలోనిది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ విభాగము మతము, జాతి, కులము, సమాజములతో పాటు భాష పేరిట ఓటు అడుగుటను గూడ అవినీతి చర్యగా ఎంచినది. 2017 జనవరి 2న సుప్రీముకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ నిషేధము అభ్యర్థి భాషకే గాక ఓటరు భాషకును వర్తించునని నలుగురి ఆధిక్యముతో నిర్ణయించినది. తక్కిన మువ్వురు అంగీకరింపలేదు. భాష కారణముగా బాధలు పడినవారు ఆ బాధలను ఎన్నికల వేళ చెప్పుకొనరాదా యని వారి సందేహము. ఆ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. అయితే చట్టము అభ్యర్థిని కట్టివేయును గాని, మరుగులో ఓటు వేయు మనలను కట్టివేయదు. అచ్చట మనకు మన అంతరాత్మయే చట్టము.

భాష ఒక్కటైనంత మాత్రమున మేలు ఒక్కటి కాదనుటకు గోదావరియే సాక్ష్యము. 2016 ఆగస్టు 23న మహారాష్ట్ర, తెలంగాణ ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనినవి. దాని ఫలమైన మేడిగడ్డ ఆనకట్ట 2019 జూన్ 21న ప్రారంభింపబడినది. ఒక గట్టు తెలంగాణ, రెండవ గట్టు సిరొంచ తాలూకా. రెండు గట్టులందును తెలుగే వినబడును. ఆనకట్ట నీటి ఫలము ఆవలి గట్టుకు ఉద్దేశింపబడగా, ఎగదన్నిన నీరు తమ పొలములను ముంచుచున్నదని సిరొంచ రైతులు మొరపెట్టుకొనిరి. 2023 అక్టోబరులో ఆనకట్ట స్తంభములే క్రుంగినవి. తెలుగువారి మేలుకై కట్టిన ఆనకట్టవలన తెలుగు రైతే నష్టపోవుట సాధ్యమైనప్పుడు, భాషను చూచి ప్రతినిధిని ఎన్నుకొనుట ఎంతటి గ్రుడ్డితనము! ఆ రైతు పక్షమున శాసనసభలో మరాఠీలో గట్టిగా వాదించువాడు, అతని వాకిట తెలుగులో తీయగా పలికి మిన్నకుండువానికంటె వేయిరెట్లు ఆత్మీయుడు.

వంశాభిమానమును భాషాభిమానము వంటిదే. 2024 నవంబరు ఎన్నికలలో అహేరి రాజవంశమునకు చెందిన మువ్వురు ఎదురెదురుగా నిలిచిరి. ధర్మరావ్ బాబా ఆత్రాం ఒక పక్షమున, ఆయన కుమార్తె భాగ్యశ్రీ వేరొక పక్షమున, అంబరీశ్‌రావ్ ఆత్రాం స్వతంత్రుడుగ పోటీ చేయగా ధర్మరావ్ గెలుపొందిరి. వంశము ముగ్గురిదియు నొక్కటియే గనుక వంశమను తూనికరాయి ఆ దినమున పనికిరాకపోయినది. ఓటరు పనిని, నడతను, మాట నిలుకడను తూచుకొనవలసి వచ్చినది. ఇట్టి అవసరము ప్రతి ఎన్నికలోను కలిగినట్లే భావించుట మేలు.

"తక్కినవారు కూటములు కట్టుచుండగా మనము మాత్రము ధర్మము పట్టుకొని చీలిపోయిన నష్టపోమా?" యని కొందరు ఆక్షేపింపవచ్చును. కాని నాలుకలను లెక్కించి ఓట్లు పంచుకొను పద్ధతి లోకమున స్థిరపడినచో మొదట ఓడిపోవువారు తక్కువ నాలుకలు గలవారే. మనము ఏ సూత్రము పట్టుకొందుమో అధికసంఖ్యాకులును దానినే పట్టుకొందురు. ఐకమత్యము వలదని చెప్పుట లేదు. కోరికలో ఐకమత్యము ఉండవలెను, వ్యక్తి విషయమున స్వేచ్ఛ ఉండవలెను. బడి, వంతెన, మునిగిన పొలమునకు పరిహారము, ఇవి వ్రాసి అభ్యర్థులందరి ముందును ఒక్కరీతిగా ఉంచవలెను. ఆ జాబితాలో మాడియా పల్లెకు వైద్యుడు, గోండు పిల్లకు బడియు చేరినప్పుడే మన కోరికకు న్యాయబలము కలుగును.

ఏరు దాటువరకు ఓడమల్లయ్య, దాటినపిమ్మట బోడిమల్లయ్య యను సామెత నదుల నడుమ బ్రతుకు సిరొంచవారికి ఎవరును నేర్పనక్కరలేదు. ఆ దోషమును అభ్యర్థిపై మోపుట మనకు అలవాటు. ఓడ ఎక్కించుకొనునప్పుడు అతని మాటను మెచ్చి, పని అడుగుట మరచిన మనకును అందు పాలు కలదు. తెలుగులో వచ్చిన అభ్యర్థిని ఆదరింతము. తెలుగులోనే ప్రశ్నింతము. ఓటు మాత్రము ఆ ప్రశ్నలకు అతడు ఇచ్చు సమాధానమునకు, అతని గత కార్యములకు వదలుదము.