చుక్కాని యెవరి చేతిలో?

మాటలకును జన్మవృత్తాంతములు గలవు. నేడు మన యిండ్లలో పసివారి నోటగూడ వినవచ్చు 'సైబర్' అను మాట, గ్రీకుభాషలో ఓడ నడపువాని పేరునుండి పుట్టినది. నార్బర్ట్ వీనర్ అను అమెరికా గణితజ్ఞుడు, జీవులయందును యంత్రములయందును గల నియంత్రణమును గూర్చి 1948లో గ్రంథము ప్రకటించుచు, ఆ శాస్త్రమునకు ఆ కర్ణధారుని పేరే పెట్టెను. కాబట్టి యీ మాటలోనే యొక ప్రశ్న దాగియున్నది. ఓడ యెంత వేగముగ పోవుచున్నదని కాదు. చుక్కాని యెవరి చేతిలో నున్నదని.

ఆ ప్రశ్నను కథలుగా నడపినవారు 1980 తరువాతి కొందఱు ఆంగ్లరచయితలు. బ్రూస్ బెత్కీ 1983లో తన కథకు 'సైబర్‌పంక్' అని పేరు పెట్టెను. పంక్ అనగా కట్టుబాటును లెక్కసేయని పోకిరి. మరుసటి యేట విలియం గిబ్సన్ 'న్యూరోమాన్సర్' అను నవలను వెలువరించెను. దానిని కంప్యూటరుపై గాక చేతి టైపురైటరుపై వ్రాసెను. అందు కృత్రిమమేధ యొక ధనికకుటుంబమునకు సొత్తు. అట్టి మేధలు మితిమీరకుండ కావలి కాయుటకు, ట్యూరింగ్ అను గణితజ్ఞుని పేర ప్రత్యేకముగ పోలీసులు. కథానాయకుడో, కూలికి పనిచేయు దొంగ. దీపములు వీథినిండ వెలుగుచుండును. ఆ వెలుగులో మనుష్యుడు మాత్రము దీనుడు. ఈ కథకులు భయపడినది యంత్రపు తెలివికంటె దానిని కొనగలవారి నిరంకుశత్వమునకే యని నా తలంపు.

మన యొద్దకు ఆ మాట వేఱు వేషమున వచ్చినది. 1998 నవంబరు 22వ తేదీన హైదరాబాదులో సైబర్ టవర్స్ తెఱువబడెను. 2003లో సైబరాబాదు పేర పోలీసు కమిషనరేటే యేర్పడెను. ఆంగ్లకథలో హెచ్చరికయైనది మనకు ఊరిపేరైనది. దీనిని హేళన సేయరాదు. ఆ పేరు చాటున రాయలసీమ మెట్టపొలముల బిడ్డలెందఱో కుటుంబములను నిలిపిరి. కాని మాటతోపాటు హెచ్చరిక రాలేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు వాదములు మిన్నుముట్టుచున్నవి. 2023 మార్చిలో పలువురు పండితులు, ఇంకను శక్తిమంతములగు మేధల నిర్మాణమును ఆఱు నెలలు నిలుపుడని బహిరంగలేఖ ప్రకటించిరి. యంత్రము మనల మ్రింగునని యొకరు, కామధేనువగునని యొకరు. ఇరువురును యంత్రమునే కర్తగ జేసి మాటలాడుచున్నారు. కర్తకును కరణమునకును గల భేదమును బడిపిల్లలకు నేర్పుదుము: చెట్టు నఱకినవాడు కర్త, గొడ్డలి కరణము. ఒక వితంతువు పేరు పింఛను జాబితానుండి తొలగినదనుకొందము. "మేము తీయలేదమ్మా, కంప్యూటరు తీసినది" అని జవాబు వచ్చినచో, అన్యాయము జరిగినది గాని చేసినవా డెవడును లేడు. కర్తలేని క్రియకంటె క్రూరమైన దేమున్నది?

"ఈ యంత్రము తానే నేర్చుకొనును, దాని లోపల నేమి జరుగునో చేసినవారికే పూర్తిగ తెలియదు, వారిని బాధ్యులను జేయుట న్యాయమా?" యని యడుగవచ్చును. ఎద్దు మనసు యజమానికి తెలియదు. అయినను పొరుగువాని చేను మేసినప్పుడు తప్పు చెల్లించునది యెద్దు కాదు. నడత తెలియని దానిని విడిచినవాని బాధ్యత తగ్గదు, హెచ్చును.

మా కలమల్లలో చెన్నకేశవాలయ ప్రాంగణమున నొక శిల గలదు. క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోడుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలమున వెలసిన యా శాసనము, లభించిన తెలుగు శాసనములలో మొదటిదని పండితులు చెప్పుదురు. అక్షరములు కొన్ని చెదరినవి. భావము పూర్తిగ తేలదు. అయినను రెండు విషయములు నిలిచియున్నవి: మొదట ప్రభువు పేరు, కడపట పంచమహాపాతకముల ప్రసక్తి. పలుకునకు పేరు, తప్పునకు ఫలము. తెలుగు వ్రాత యీ రెంటితోనే మనకు కనబడుట మొదలైనది. నేడు అదే తెలుగును యంత్రము పలుకుచున్నది. క్రింద సంతకము లేదు.

సైబర్‌పంక్ కథలకును ఒక లోపము గలదు. వానిలో తిరుగుబాటు ఒంటరివానిది. తన ప్రాణము దక్కిన చాలును. 1996లో జాన్ పెరీ బార్లో, ఆ సైబర్ లోకమున ప్రభుత్వములకు అధికారము లేదని ప్రకటించెను. ప్రభుత్వములు తొలగిన చోటు ప్రజలకు దక్కలేదు, కంపెనీలకు దక్కినది. సంస్కరణము ఒంటరి సాహసము కాదు. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థవారు విద్యార్థులను కూర్చుకొని, తెలుగు కథలను సేకరించి, తెలుగు నేర్చిన యంత్రము నలుగురి సొత్తుగ నుండవలెనని పాటుపడుట యిందులకు తార్కాణము. చుక్కాని పట్టుటకు పలుచేతులు కావలెను.

గృహస్థులు చేయదగిన దొకటి కలదు. యంత్రము చెప్పినదని యెవరేని తీర్పు తెచ్చినప్పుడు, "దీనికి సంతకము చేయువా రెవరు?" అని యడుగుట. ఇంటిలో బిడ్డ యంత్రముచే వ్రాయించిన వ్యాసమునకు తన పేరు పెట్టుకొన్నప్పుడును ఇదే ప్రశ్న. పేరు పెట్టినచో బాధ్యత వహింపవలెను. వహింపలేనిచో పేరు పెట్టరాదు. ఈ యలవాటు ఇంట బలపడిననే, కచ్చేరీలలోను కంపెనీలలోను అడుగు ధైర్యము మనకు వచ్చును.